వివరాలు బయటికి పొక్కినప్పుడు సభ్యునికి గల హక్కులు

— సహకార ఇన్‌స్పెక్టరు, హెచ్.డి.సి.ఎం.

ఒకప్పుడు పాల ఉత్పత్తిదారుల సంఘంలో సభ్యుని గురించి వ్రాసి ఉంచే వివరాలు నాలుగైదు మాత్రమే. పేరు, తండ్రి లేక భర్త పేరు, షేరు ధనం, పాడి పశువుల సంఖ్య, ఇంతే. సభ్యత్వ రిజిస్టరులో ఒక్క వరుస సరిపోయేది. పాల బిల్లు నగదుగా బట్వాడా అయ్యేది. సభ్యుడు ఎదురుగా నిలబడి సంతకమో వేలిముద్రో వేసి పైకం తీసుకొని వెళ్లేవాడు.

నేడు పాల డబ్బు బ్యాంకు ఖాతాలో జమ అవుతున్నది. ఇది మంచి మార్పే. అయితే ఇందుకోసం సభ్యుడు ఆధార్ నకలు, పాసుబుక్కు మొదటి పేజీ, ఫోను నంబరు సంఘానికి ఇవ్వవలసి వచ్చినది. ఆఖరుకు గేదె చెవికి తగిలించిన ట్యాగుకు కూడా 12 అంకెల సంఖ్య ఉన్నది. ఈ వివరాలు సంఘం బీరువాలోనే ఉండిపోవు. పాల సేకరణ యంత్రానికి తగిలించిన కంప్యూటరులోనికి, ఆ కంప్యూటరు ప్రోగ్రాం ఇచ్చిన కంపెనీకి, యూనియనుకు, బ్యాంకుకు, పశువుల బీమా కంపెనీకి వెళ్తాయి. వీటిలో ఏ ఒక్క చోట గట్టు తెగినా నీరు వచ్చి పడేది సభ్యుని ఇంటి మీదనే.

అట్టి సమయంలో సభ్యుడు ఎవరిని అడగవలెను? పోయిన డబ్బు ఎవరు భరించవలెను? డబ్బు పోకపోయినా, వివరాలు పోయిన సంగతి తనకు తెలియజేయమని కోరే హక్కు ఉన్నదా? సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు కార్యదర్శులు, సభ్యులు తరచుగా అడుగుతున్న ప్రశ్నలివి. వీటికి చట్టంలో ఉన్న సమాధానాలను ఒకచోట చేర్చి చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం. చట్టాలు నాలుగు రకాలుగా ఉన్నా, ఏ అధికారి ముందుకు వెళ్లినా అడిగేది ఒకే మాట: ఏ తేదీన మీకు తెలిసినది, ఏ తేదీన మీరు తెలియజేశారు, అందుకు కాగితం ఏది? ఈ మాట మనసులో ఉంచుకొని మిగిలినది చదవవలసిందిగా కోరుచున్నాను.

వివరాలు పొక్కడం అంటే ఏమిటి?

ఎవరో దొంగ కంప్యూటరులో జొరబడి వివరాలు ఎత్తుకొని పోవడం ఒక్కటే కాదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దీనికి విశాలమైన అర్థం చెప్పినది. అనుమతి లేకుండా వివరాలను వాడుకొనుట, పొరపాటున బయటపెట్టుట, ఇతరులకు పంచుట, మార్చివేయుట, నాశనం చేయుట, అవసరమైనప్పుడు అందకుండా పోగొట్టుకొనుట, ఇవన్నీ ఆ నిర్వచనం క్రిందికే వస్తాయి. కార్యదర్శి తెలియక సభ్యుల ఖాతా నంబర్ల జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టినా అది కూడా పొక్కడమే.

ఇక్కడ రెండు సంగతులను వేరుగా చూడవలెను. వివరాలు పోవుట ఒకటి, డబ్బు పోవుట మరొకటి. పాల క్యాను సీలు ఊడి వచ్చినదనుకొందాము. లోపల పాలు విరగలేదని మనము ఊరుకొంటామా? సీలు ఊడిన సంగతి వ్రాసుకొని, డ్రైవరు సంతకం తీసుకొంటాము. వివరాల విషయంలోనూ అంతే. డబ్బు పోయేదాకా ఆగవలసిన పని లేదు. సీలు ఊడిననాడే హక్కు మొదలవుతుంది.

మన ప్రాంతంలోనే జరిగినవి

ఇది పట్నవాసుల సమస్య అని అనుకొనరాదు. భూమి అమ్మినా, కొన్నా దస్తావేజు మీద ఫోటో, వేలిముద్రలు ఉండవలెనని 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి సవరణ చేశారు. బోగస్ రిజిస్ట్రేషన్లను అరికట్టుటకు చేసిన మంచి ఏర్పాటు అది. తరువాత దస్తావేజుల నకళ్లు కంప్యూటరులో దొరకడం మొదలైనది. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఆ నకళ్ల నుండి వేలిముద్రల అచ్చులు తయారు చేసి, ఇతరుల పేర్లతో వేలాది సిమ్ కార్డులు తీసినట్లు పోలీసులు కనుగొన్నారు. 2022లో సైబరాబాద్ పోలీసులు మరొక ముఠాను పట్టుకొన్నారు. వీరు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుండి వేలిముద్రలు, ఆధార్ సంఖ్యలు తీసి, ఆధార్ చెల్లింపు విధానం ద్వారా ఇతరుల ఖాతాలలోని డబ్బు లాగారు. ఈ విధానంలో ఓ.టి.పి. అవసరం లేదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలును. పల్లెలలో బ్యాంకు మిత్ర దగ్గర మన సభ్యులు పాల డబ్బు తీసుకొనేది ఈ విధానంలోనే.

పెద్ద కంపెనీల సంగతి కూడా ఒకటి చెప్పవలెను. 2021లో ఎయిర్ ఇండియా ప్రయాణికులు సుమారు 45 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. లోపం జరిగినది విమాన కంపెనీలో కాదు, దాని తరపున ప్రయాణికుల లెక్కలు చూసే మరొక కంపెనీలో. ఆ కంపెనీ మీద దాడి ఫిబ్రవరిలో జరుగగా, ప్రయాణికులకు పూర్తి సంగతి మే నెలలో తెలిసినది. ప్రయాణికుడు నమ్మి వివరాలు ఇచ్చినది విమాన కంపెనీకి. పోగొట్టినది అతడు పేరు కూడా వినని వేరొకరు. పాల సేకరణ కంప్యూటరు ప్రోగ్రాం విషయంలో మన సభ్యుని పరిస్థితి కూడా అటువంటిదే.

హక్కుకు మూలం

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పినది. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కులలో భాగమని ఏకగ్రీవంగా ప్రకటించినది. ఈ తీర్పు వేరు వంటిది. దాని మీద, దానికి ముందు నుండి ఉన్న చట్టాలతో కలిపి, సామాన్యునికి నేడు నాలుగు దారులు ఉన్నాయి: బ్యాంకు నియమాలు, వినియోగదారుల చట్టం, సమాచార సాంకేతిక చట్టం, 2023 నాటి కొత్త చట్టం. ఒక్కొక్కటి చూద్దాము.

మొదటి దారి: డబ్బు పోయినప్పుడు బ్యాంకు

ఖాతాదారుని ప్రమేయం లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో డబ్బు పోయినప్పుడు నష్టం ఎవరిదో రిజర్వు బ్యాంకు 2017 జూలైలో నిర్ణయించినది. అదే సంవత్సరం డిసెంబరులో సహకార బ్యాంకులకు కూడా ఇట్టి ఉత్తరువే ఇచ్చినది. అందులోని ముఖ్యాంశాలు ఇవి:

1. లోపం బ్యాంకుదే అయినచో ఖాతాదారుడు ఒక్క పైసా కూడా భరించనక్కరలేదు.

2. లోపం బ్యాంకులోనూ లేక, ఖాతాదారునిలోనూ లేక, మధ్యలో మరెక్కడో ఉన్నప్పుడు, బ్యాంకు నుండి సందేశం అందిన తరువాత మూడు పనిదినాలలో తెలియజేసినచో ఖాతాదారునికి నష్టం లేదు.

3. నాలుగు నుండి ఏడు పనిదినాలలో తెలియజేసినచో కొంత నష్టం భరించవలెను. కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక పొదుపు ఖాతాకు 5,000 రూపాయలు, మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయలు గరిష్ఠ పరిమితిగా పెట్టారు. పోయిన మొత్తం అంతకన్నా తక్కువైతే ఆ మొత్తమే.

4. ఏడు పనిదినాలు దాటినచో ఆ బ్యాంకు పాలకమండలి ఆమోదించిన విధానం ప్రకారం జరుగుతుంది.

5. ఖాతాదారుడే ఓ.టి.పి. లేక రహస్య సంఖ్య ఇతరులకు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం అతనిదే. తెలియజేసిన తరువాత జరిగిన నష్టం బ్యాంకుది.

6. తప్పు ఖాతాదారునిదని రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదనే ఉన్నది.

7. ఫిర్యాదు అందిన పది పనిదినాలలో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో చూపవలెను. 90 రోజులలో వ్యవహారం తేల్చవలెను.

ఒక ఉదాహరణ చూడండి. ఒక సభ్యురాలి ఖాతాలో సోమవారం పాల బిల్లు 6,400 రూపాయలు జమ అయినదనుకొందాము. మంగళవారం ఉదయం 6,000 రూపాయలు తీసినట్లు సందేశం వచ్చినది. ఆమె తీయలేదు. సందేశం వచ్చిన రోజును లెక్కలోనికి తీసుకొనరు. బుధవారం ఒకటి, గురువారం రెండు, శుక్రవారం మూడు. శుక్రవారంలోగా బ్యాంకుకు తెలియజేసినచో పైన చెప్పిన లెక్క ప్రకారం ఆమెకు నష్టం లేదు. ఊరిలో పెళ్లి ఉన్నదని, వచ్చే వారం చూద్దామని ఆగి, అయిదవ పనిదినాన వెళ్లినదనుకొందాము. ప్రాథమిక ఖాతా అయితే 5,000, మామూలు ఖాతా అయితే 6,000 రూపాయలూ ఆమె మీదనే పడవచ్చును. రెండు పూటలా పాలు పోసి తెచ్చుకొన్న పదిహేను రోజుల కష్టం రెండు రోజుల ఆలస్యంతో పోయినది.

ఈ కొలతలను రిజర్వు బ్యాంకు అప్పుడప్పుడు సవరిస్తూ ఉంటుంది. కావున మీ సంఘం ఖాతాలు ఉన్న బ్యాంకు శాఖకు వ్రాసి, ప్రస్తుతం అమలులో ఉన్న ఖాతాదారుల రక్షణ విధానం నకలు తెప్పించి సంఘంలో ఉంచవలెను. కొలత ఏదైనా సూత్రం ఒక్కటే: తెలిసిననాడే తెలియజేయవలెను.

మరొక ముఖ్య విషయం. అనేకమంది మహిళా సభ్యుల ఖాతాలకు కుమారుని ఫోను నంబరో, అల్లుని నంబరో కలిపి ఉన్నది. ఆ అబ్బాయి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటాడు. సందేశం అతనికి మంగళవారం చేరుతుంది, అమ్మకు సంగతి తెలిసేది ఆదివారం. రోజుల లెక్క మాత్రం సందేశం చేరిన నాటి నుండే నడుస్తుంది. కావున ఖాతాకు ఖాతాదారుని ఇంట ఉండే ఫోను నంబరునే కలిపించవలెను. ఫోను లేనివారు ప్రతి బిల్లుకు ఒకసారి పాసుబుక్కు వేయించుకొనవలెను.

డబ్బు పోయిన వెంటనే చేయవలసినవి మూడు. మొదట 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఇది ఆర్థిక సైబర్ నేరాల ఫిర్యాదులకు కేంద్రప్రభుత్వం ఏర్పాటు చేసిన నంబరు. త్వరగా చెప్పినచో డబ్బు చేతులు మారకముందే నిలిపివేయుటకు అవకాశం ఉన్నది. వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను వ్రాసుకొనవలెను. రెండవది, అదే రోజు బ్యాంకులో వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రెండవ ప్రతి మీద తేదీతో సహా ముద్ర వేయించుకొనవలెను. మూడవది, ఆధార్ వేలిముద్రలకు తాళం వేయించవలెను. ఆధార్ సంస్థ ఈ సౌకర్యం ఉచితంగా ఇస్తున్నది. వివరాలకు 1947 నంబరుకు ఫోను చేయవచ్చును. తాళం వేసిన తరువాత బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీయవలెనంటే ముందుగా తాళం తీయవలసి ఉంటుంది. ఈ మాట సభ్యునికి చెప్పి చేయించవలెను.

ఫిర్యాదు ఇచ్చిన 30 రోజులలో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. రాష్ట్ర సహకార బ్యాంకులను, జిల్లా సహకార కేంద్ర బ్యాంకులను కూడా 2025 నవంబరు నుండి ఈ ఏర్పాటు క్రిందికి తెచ్చారు. మన సంఘాలలో పెక్కింటికి ఖాతాలు ఈ బ్యాంకులలోనే ఉన్నవి గనుక ఇది గమనించదగినది.

రెండవ దారి: వినియోగదారుల కమిషను

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, పైకం తీసుకొని చేసే సేవలో లోపం ఉంటే జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చాలామందికి తెలియని అంశం ఒకటి ఈ చట్టంలో ఉన్నది. వినియోగదారుడు నమ్మకం మీద ఇచ్చిన వ్యక్తిగత వివరాలను చట్టం అనుమతించని విధంగా ఇతరులకు వెల్లడించుట అక్రమ వ్యాపార పద్ధతి అని అందులో స్పష్టంగా వ్రాసి ఉన్నది. బీమా కంపెనీ కానీ, ఫైనాన్సు కంపెనీ కానీ, ఫోను కంపెనీ కానీ మన వివరాలు ఇతరులకు అందజేసినట్లు చూపగలిగినచో ఈ దారి పనికి వస్తుంది.

ఫిర్యాదును మనము నివసించే జిల్లాలోనే వేయవచ్చును. సేవకు చెల్లించిన పైకం 5 లక్షల రూపాయల లోపైనచో రుసుము లేదు. కారణం ఏర్పడిన రెండు సంవత్సరాలలోగా వేయవలెను. సభ్యుడు స్వయంగా వాదించుకొనవచ్చును. సలహా కొరకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915 ఉన్నది. ఉచితంగా పొందిన సేవకు ఈ చట్టం వర్తించదని గుర్తుంచుకొనవలెను.

మూడవ దారి: సమాచార సాంకేతిక చట్టం

2000 సంవత్సరపు ఈ చట్టంలో 43ఎ అనే సెక్షను ఉన్నది. బ్యాంకు వివరాలు, రహస్య సంఖ్యలు, వేలిముద్రలు, ఆరోగ్య వివరాలు వంటి సున్నితమైన సమాచారాన్ని కంప్యూటరులో ఉంచుకొనిన సంస్థ, తగిన భద్రత పాటించక నిర్లక్ష్యం చేసి, అందువలన ఎవరికైనా నష్టం కలిగినచో, నష్టపరిహారం చెల్లించవలెనని ఆ సెక్షను చెప్పుచున్నది. 5 కోట్ల రూపాయల వరకు గల క్లెయిములను రాష్ట్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారిగా విచారిస్తారు. కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు, వ్యాపారం చేసే వ్యక్తుల సంఘాలు దీని పరిధిలోనికి వస్తాయి. మనము నష్టాన్నీ చూపవలెను, వారి నిర్లక్ష్యాన్నీ చూపవలెను. అందుకే మరల చెప్పుచున్నాను, తేదీలు గల కాగితాలు పోగొట్టుకొనరాదు.

ఈ సెక్షను ఎల్లకాలం ఉండదు. కొత్త చట్టంలోని ప్రధాన భాగాలు అమలుకు వచ్చినప్పుడు ఇది రద్దు కావలసియున్నది.

నాలుగవ దారి: 2023 నాటి కొత్త చట్టం

2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమావళి 2025 నవంబరులో వెలువడినది. సమాచార రక్షణ బోర్డుకు సంబంధించిన భాగాలు అప్పుడే అమలుకు వచ్చాయి. సంస్థల బాధ్యతలు, ప్రజల హక్కులు గల ప్రధాన భాగాలు, నియమావళిలో పెట్టిన 18 నెలల గడువు ప్రకారం 2027 మే నెలలో అమలుకు రావలసియున్నవి.

ఇందులో సామాన్యునికి ముఖ్యమైనది తెలుసుకొనే హక్కు. వివరాలు పొక్కినట్లు తెలిసిన వెంటనే ఆ సంస్థ సంబంధిత వ్యక్తులలో ప్రతి ఒక్కరికీ ఆలస్యం లేకుండా తెలియజేయవలెను. ఏమి పొక్కినది, ఎంతవరకు, ఎప్పుడు. దానివలన రాగల చిక్కులు. వారు తీసుకొన్న చర్యలు. మనము తీసుకొనవలసిన జాగ్రత్తలు. వివరాలు అడుగుటకు ఎవరిని సంప్రదించవలెను, ఈ అయిదు సంగతులు సులభమైన భాషలో ఉండవలెను. బోర్డుకు కూడా వెంటనే తెలియజేసి, 72 గంటలలో సమగ్ర నివేదిక పంపవలెను. తన తరపున పనిచేసే మరొక కంపెనీ వలన లోపం జరిగినా, బాధ్యత మొదటి సంస్థదే. ఎయిర్ ఇండియా వంటి సందర్భాలకు ఇదే సమాధానం.

ఇవి గాక, మన గురించి ఏ వివరాలు ఉంచుకొన్నారో అడిగే హక్కు, తప్పులు దిద్దించే హక్కు, అవసరం తీరిన వివరాలు తుడిపివేయించే హక్కు, మన తదనంతరం ఈ హక్కులు వినియోగించుటకు నామినీని నియమించే హక్కు కూడా ఉన్నాయి. ముందుగా సంస్థకే ఫిర్యాదు ఇవ్వవలెను. 90 రోజులకు మించకుండా వారు పరిష్కరించవలెను. అప్పటికీ కానిచో బోర్డుకు వెళ్లవచ్చును.

జరిమానాలు చాలా పెద్దవి. భద్రత పాటించనందుకు 250 కోట్ల రూపాయల వరకు, పొక్కిన సంగతి తెలియజేయనందుకు 200 కోట్ల వరకు విధించవచ్చును. అయితే ఇక్కడ సభ్యులు భ్రమపడరాదు. ఆ జరిమానా కేంద్రప్రభుత్వ ఖజానాకు పోతుంది, నష్టపోయిన వ్యక్తికి రాదు. ఈ చట్టంలో వ్యక్తికి పరిహారం ఇప్పించే ఏర్పాటు లేదు. పరిహారం కావలెనంటే బ్యాంకు నియమాలు, వినియోగదారుల కమిషను దారులలోనే వెళ్లవలెను. తప్పుడు ఫిర్యాదు చేసినవారికి 10,000 రూపాయల వరకు జరిమానా ఉన్నదని కూడా గమనించవలెను.

సభ్యులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: నా వివరాలు పొక్కినవని పేపరులో చదివాను. డబ్బు పోలేదు. ఇప్పుడు ఏమి చేయవలెను?

జవాబు: ఆ సంస్థకు వ్రాతపూర్వకంగా వ్రాసి అడగవలెను. కొత్త చట్టం పూర్తిగా అమలుకు రాకముందు వ్రాసినా ఆ ఉత్తరం వృథా కాదు. రేపు నష్టం జరిగినప్పుడు, ఫలానా తేదీననే హెచ్చరించామని చూపుటకు అదే ఆధారం. రహస్య సంఖ్యలు మార్చుకొనవలెను. మీ పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నవో టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో చూసుకొనవలెను. మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడబడినదో ఆధార్ సంస్థ చూపే వినియోగ వివరాలలో చూడవచ్చును.

ప్రశ్న: బ్యాంకు నుండి మాట్లాడుతున్నామని, వివరాలు పొక్కినవి, పరిహారం ఇస్తామని ఫోను వచ్చినది. నమ్మవచ్చునా?

జవాబు: నమ్మరాదు. పరిహారం ఇచ్చేవారు ఓ.టి.పి. అడగరు. ఫోను పెట్టివేసి, స్వయంగా శాఖకు వెళ్లి కనుక్కొనవలెను.

ప్రశ్న: పోలీసు కేసు పెట్టినచో పరిహారం వస్తుందా?

జవాబు: రెండూ వేరు. ఇతరుల గుర్తింపు వివరాలను మోసంతో వాడినవానికి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను క్రింద మూడు సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నవి. అది దొంగకు శిక్ష. వివరాలను భద్రపరచని సంస్థ బాధ్యత వేరుగా నడుస్తుంది. రెండు దారులలోనూ వెళ్లవచ్చును.

సంఘం బాధ్యత

ఇంతవరకు ఇతరులను అడిగే హక్కు గురించి చెప్పాను. ఇక మన ఇంటి సంగతి. సభ్యుల వివరాలను కంప్యూటరులో ఉంచే ప్రతి సంఘం ఈ కొత్త చట్టం దృష్టిలో బాధ్యత గల సంస్థయే. కాగితం రిజిస్టరులో మాత్రమే ఉన్న వివరాలకు ఆ చట్టం వర్తించదు. వాటిని కంప్యూటరులోనికి ఎక్కించిన క్షణం నుండి వర్తిస్తుంది. సభ్యుడు మన సంఘానికి యజమాని కూడా. అతని వివరాలు మన దగ్గర ఉన్నది అమానతుగా మాత్రమే. కావున పాలకవర్గాలు క్రింది విషయాలు పాటించవలెను.

1. ఖాతా నంబర్లు, ఆధార్ సంఖ్యలు గల జాబితాలను నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులలో పెట్టరాదు. ఆధార్ సంఖ్యలను బహిరంగంగా ప్రదర్శించరాదని 2016 ఆధార్ చట్టం 29వ సెక్షను నిషేధించినది. బోనసు జాబితాకు సభ్యత్వ సంఖ్య, పేరు, మొత్తం చాలును.

2. ఆధార్ నకలు అవసరమైనచో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే నకలు తీసుకొనవలెను. పనికిరాని నకళ్లను చింపి తగులబెట్టవలెను. పొట్లాలకు, చిత్తు కాగితాలకు వాడరాదు.

3. కార్యదర్శి గానీ, టెస్టరు గానీ మారినప్పుడు ఛార్జి లిస్టులో కంప్యూటరు పాస్‌వర్డును కూడా చేర్చి, అదే రోజు మార్చవలెను.

4. కంప్యూటరు ప్రోగ్రాం కంపెనీతో ఒప్పందంలో, వివరాలు పొక్కినచో వెంటనే సంఘానికి వ్రాతపూర్వకంగా తెలియజేయవలెనని షరతు వ్రాయించవలెను.

5. సంఘంలోనే లోపం జరిగినచో దాచరాదు. మినిట్స్ పుస్తకంలో తేదీతో వ్రాసి, యూనియనుకు, సభ్యులకు తెలియజేయవలెను. దాచిన రోజులలో సభ్యునికి ఉన్న మూడు రోజుల గడువు కరిగిపోతుంది. పేరు పోతుందని సంఘం మౌనంగా ఉంటే పోయేది సభ్యుని పాల డబ్బు.

నమూనా అర్జీ

సభ్యులకు ఉపయోగపడుటకు ఒక నమూనా ఇచ్చుచున్నాను. దీనిని తెల్లకాగితం మీద రెండు ప్రతులుగా వ్రాయవలెను.

"శ్రీయుత శాఖా మేనేజరు గారికి,

నేను మీ శాఖలో పొదుపు ఖాతాదారుడను / ఖాతాదారురాలను. నా ఖాతా నుండి ............ తేదీన ............ రూపాయలు నా ప్రమేయం లేకుండా తీయబడినట్లు నాకు ............ తేదీన సందేశం ద్వారా / పాసుబుక్కు ద్వారా తెలిసినది. నేను ఓ.టి.పి. గానీ, రహస్య సంఖ్య గానీ ఎవరికీ చెప్పలేదు, వేలిముద్ర వేయలేదు. 1930 నంబరుకు ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య: ............ వెంటనే నా ఖాతాలో తదుపరి లావాదేవీలు నిలిపి, రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం సదరు మొత్తాన్ని నా ఖాతాలో తిరిగి జమ చేయవలసిందిగా, ఈ లావాదేవీ ఏ స్థలంలో, ఏ యంత్రం ద్వారా జరిగినదో తెలియజేయవలసిందిగా కోరుచున్నాను. ఈ అర్జీ అందినట్లు రెండవ ప్రతి మీద తేదీతో సంతకం, ముద్ర ఇప్పించగోరుచున్నాను."

డబ్బు పోక, వివరాలు మాత్రమే పొక్కిన సందర్భంలో, పైన చెప్పిన అయిదు సంగతులను ప్రశ్నలుగా వ్రాసి సంబంధిత సంస్థకు స్పీడు పోస్టులో పంపవలెను. రసీదు జాగ్రత్త చేయవలెను.

చదువురాని సభ్యులకు అర్జీ వ్రాసి పెట్టుట కార్యదర్శి ధర్మం. వీలైనచో వెంట బ్యాంకుకు వెళ్లవలెను. ఒంటరిగా వెళ్లిన ముసలమ్మకు రేపు రమ్మని చెప్పి పంపుట సులభం. సంఘం కార్యదర్శి వెంట ఉన్నప్పుడు ఆ మాట అంత సులభంగా రాదు.

సభ్య సంఘాల అధ్యక్షులు ఈ విషయాన్ని రాబోయే పాలకవర్గ సమావేశం అజెండాలో చేర్చి, పైన చెప్పిన అయిదు అంశాల మీద తీర్మానం చేయవలసిందిగా కోరుచున్నాను. నమూనా అర్జీని కొన్ని ప్రతులు తీయించి సేకరణ కేంద్రంలో ఉంచండి. 1930 నంబరును పాల ధరల పట్టిక పక్కన పెద్ద అక్షరాలతో వ్రాయించండి. ఉదయం పాలు పోయుటకు వచ్చిన ప్రతి సభ్యునికి అది కంటబడవలెను.